ప్రేమ అనే గండం: ఒక చైనా ధారావాహిక మన మనసును ఎలా పట్టుకుంటుంది

సభాధ్యక్షులకు, ఈ సాయంకాలం ఇంత ఓపికగా వచ్చి కూర్చున్న పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

చైనా టెలివిజన్‌లో 2017 జనవరి 30న మొదలైన ఒక ధారావాహిక గురించి ఈరోజు మాట్లాడతాను. దాని చైనా పేరును తెలుగులో చెప్పాలంటే ‘మూడు జన్మలు, మూడు లోకాలు, పది లీ పొడవున పీచు పూలు’ అని చెప్పుకోవాలి. ‘లీ’ అనేది వారి కొలత, మన లెక్కలో సుమారు అర కిలోమీటరు. పీచు అంటే ఇక్కడ నార కాదు, ఇంగ్లీషులో ‘పీచ్’ అనే పండ్ల చెట్టు. తాంగ్ చీ అనే రచయిత్రి నవల ఆధారంగా తీసిన ఈ కథ 58 భాగాలు నడిచింది. ఒక్కో భాగం ముప్పావు గంట అనుకున్నా మొత్తం నలభై గంటలు దాటుతుంది. యాంగ్ మీ, మార్క్ చావ్ ముఖ్య పాత్రధారులు. భాష తెలియని, ఆచారాలు తెలియని, పేర్లు నోరు తిరగని ఒక కథను మనవాళ్ళు రాత్రిళ్ళు మేలుకొని నలభై గంటలు ఎందుకు చూస్తున్నారు? నాకు దొరికిన సమాధానాన్ని మీ ముందు పెట్టడానికే వచ్చాను.

ఈ ధారావాహికను నేను మా అమ్మతో కలిసి చూశాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. తెర కింద ఇంగ్లీషులో వచ్చే మాటలను నేను చదివి, వెంటనే తెలుగులో చెబుతూ ఉండేదాన్ని. అందులో మాటిమాటికీ ఒక పదం వచ్చేది. ఒక సిద్ధుడు పై మెట్టుకు ఎక్కాలంటే ఒక ఆపదను ఎదుర్కొని బతికి బయటపడాలి. ఆ ఆపద పిడుగు రూపంలో రావచ్చు, ప్రేమ రూపంలోనూ రావచ్చు. నేను దాన్ని ఒకసారి ‘పరీక్ష’ అని, ఒకసారి ‘శోధన’ అని, మరోసారి ‘విపత్తు’ అని చెబుతూ తడబడుతుంటే, మా అమ్మ ఒత్తులు చేసుకుంటూ తల ఎత్తకుండానే, ‘గండం అను, సరిపోతుంది’ అంది.

ఆ ఒక్క మాటతో నాకు ఈ కథ తలుపు తెరుచుకుంది. జాతకంలో నీటి గండం ఉంది, అగ్ని గండం ఉంది అని మన ఇళ్ళలో చెప్పుకుంటాం. గండం మనిషి చేసిన తప్పుకు పడే శిక్ష కాదు. దారిలో అడ్డంగా కాచుకుని ఉండేది, దాటితే తప్ప ముందుకు పోనివ్వనిది. చైనా వారు దాన్ని ‘జియె’ అంటారు, దాన్ని దాటడాన్ని ‘దు జియె’ అంటారు. ఆ ‘దు’ అనే మాటకు అసలు అర్థం ఏరు దాటడం. మనం మాత్రం ఏమంటాం? గండం గట్టెక్కింది అంటాం. వారు ఏటిని దాటిస్తే మనం అవతలి గట్టు మీదికి ఎక్కిస్తాం. రెండు భాషల్లోనూ మధ్యలో ఉన్నది నీరే.

ఇంకొక విశేషం ఉంది. ‘జియె’ అనే మాటకు ఈ అర్థం రావడం వెనుక మన ‘కల్పం’ ఉంది. బౌద్ధ గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చిన అనువాదకులు సంస్కృతంలోని కల్ప శబ్దాన్ని తమ లిపిలో ‘జియెబో’ అని రాసుకున్నారు, వాడుకలో అది పొట్టిదై ‘జియె’గా నిలిచింది. కల్పాంతంలో నిప్పు, నీరు, గాలి లోకాన్ని ముంచెత్తుతాయనే నమ్మకం దాని వెంటే వెళ్ళింది కాబట్టి, కాలాన్ని కొలిచే మాట క్రమంగా ఆపదను చెప్పే మాట అయింది. కథ పేరులోని మూడు జన్మలు కూడా బౌద్ధంతో పాటు ఆ దేశానికి చేరిన ఊహే. కృష్ణా తీరాన నాగార్జునకొండలో మూడవ శతాబ్దం నాటి శాసనం ఒకటి ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పద్నాలుగో పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించినది. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి మొదలైన దేశాల ప్రజలను బౌద్ధంలోకి తెచ్చిన ఆచార్యుల ప్రస్తావన అందులో కనిపిస్తుంది. ఒక ఆంధ్ర స్త్రీ చెక్కించిన రాతి మీద చీనా పేరు చూసినవారికి, ఈ ధారావాహికలో జన్మల మాట విన్నప్పుడు పరాయి మాట విన్నట్టు అనిపించదు. అయితే కథను మన కథగా చేసుకోవడం నా ఉద్దేశం కాదు. అది పూర్తిగా చైనా కథే, దాని బలం కూడా అక్కడే ఉంది.

ఇటువంటి కథలను వారు ‘షియెన్‌షియా’ అంటారు. ‘షియెన్’ అంటే సాధనతో మరణాన్ని జయించిన సిద్ధుడు, ‘షియా’ అంటే ధర్మం కోసం కత్తి పట్టిన వీరుడు. తావో మతంలోని అమరత్వ సాధన, బౌద్ధంలోని పునర్జన్మ, చైనా జానపదంలోని నక్కలు, పాములు, చెట్ల ఆత్మలు అన్నీ ఈ కథల్లో కలిసి ఉంటాయి. ఇక్కడ దేవతలకు కూడా మెట్లు ఉన్నాయి. పుట్టుకతో దేవత అయినా పై మెట్టు ఊరికే రాదు, గండం దాటాలి.

కథను సంగ్రహంగా చెబుతాను. చింగ్‌చియు అనే రాజ్యంలో తొమ్మిది తోకల తెల్ల నక్కల వంశంలో పుట్టిన బై చియెన్, మగపిల్లవాడి వేషంలో సి యిన్ అనే పేరుతో కున్‌లున్ కొండ మీద యుద్ధదేవుడు మో యువాన్ వద్ద శిష్యరికం చేస్తుంది. ఆమెకు పిడుగు గండం వచ్చిన రోజున గురువు ఆమెను లోపల ఉంచి, ఆ పిడుగులను తన ఒంటి మీద వేసుకుంటాడు. ఆ గాయాలతోనే యుద్ధానికి వెళ్ళి, ప్రేతరాజు చింగ్ త్సాంగ్‌ను ఒక మహా ఘంటలో బంధించి, ప్రాణం విడుస్తాడు. శిష్యురాలు ఆయన దేహాన్ని తన గుండె నెత్తురుతో 70 వేల ఏళ్ళు కాపాడుతుంది. ఆ తరువాత ఘంటను మళ్ళీ బిగించే పోరులో ఆమె శక్తి, జ్ఞాపకం రెండూ బందీ అయి, జున్‌జీ అనే కొండ మీద మామూలు మనిషిగా మేలుకొంటుంది. అక్కడ గాయపడి పడివున్న స్వర్గ యువరాజు యె హువాను చేరదీస్తుంది. అతడే ఆమెకు సు సు అని పేరు పెడతాడు. ఇద్దరూ పెళ్ళి చేసుకుంటారు.

యె హువాకు అప్పటికే చింగ్‌చియు రాజకుమారి బై చియెన్‌తో పెళ్ళి నిశ్చయమై ఉంది. తాను ప్రేమించిన అనామక మానవ స్త్రీ ఆ బై చియెనే అని అతనికి తెలియదు, ఆమెకూ తెలియదు, చూస్తున్న మనకు మాత్రమే తెలుసు. ఈ ఒక్క ఏర్పాటుతో రచయిత్రి కథ మొత్తానికి ఉరి బిగించింది.

స్వర్గానికి వెళ్ళిన సు సు అక్కడ బతకలేకపోతుంది. యె హువా పినతండ్రి సాంగ్ జీ, తక్కువ కులపుదని పెద్దలు భావించిన ఒక సర్పకన్యను ప్రేమించి వెలి అయిన సంగతి యువరాజు కళ్ళారా చూశాడు. తాతగారైన స్వర్గాధిపతి దృష్టి సు సు మీద పడకూడదని, ఆమె అంటే తనకు పట్టనట్టు నటిస్తాడు. ఆ నటన లోకంతో పాటు ఆమె కూడా నమ్ముతుంది. సు జిన్ అనే స్త్రీ పథకం ప్రకారం తానే ఒక వేదిక మీది నుంచి పడి, సు సు తోసిందని నింద వేస్తుంది, ఆ పడటంలో చూపు పోగొట్టుకుంటుంది. కంటికి కన్ను చెల్లించాలన్న తీర్పును యె హువా తన చేతులతో అమలు చేస్తాడు. సు సు కళ్ళు సు జిన్‌కు వెళతాయి.

ఆ తరువాతి ఘట్టం దగ్గర కాసేపు ఆగుతాను. కొండ మీద ఉన్న రోజుల్లో యె హువా ఆమెకు ఒక కంచు అద్దం ఇచ్చి ఉంటాడు, నన్ను చూడాలనిపిస్తే ఇందులో పిలువు అని. కొడుకును కన్న తరువాత, చూపు లేని సు సు తడుముకుంటూ సిద్ధులను శిక్షించే ఎత్తైన వేదిక చేరుతుంది. చేతిలో ఆ అద్దం. ఎవరి ముఖం చూడటానికి ఇచ్చాడో ఆ ముఖాన్ని చూసే కళ్ళు ఆమెకు లేవు. అయినా ఆ అద్దంతోనే మాట్లాడుతుంది, ఎందుకంటే ఆ ఇంట్లో ఆమె మాట వినే వస్తువు అదొక్కటే. నిన్ను నేను విడిచిపెడుతున్నాను, నన్ను నువ్వు విడిచిపెట్టు, ఇక మనకు బాకీ లేదు అన్న అర్థం వచ్చే మాటలు చెప్పి, దూకుతుంది. అతడు పరుగెత్తుకొని వచ్చేసరికి అంచున ఎవరూ ఉండరు. వెంటనే అతడూ దూకుతాడు. యాంగ్ మీ ఆ మాటలను ఏడుస్తూ చెప్పలేదు. ఏడ్చి అలసిపోయి, ఇక ఏడవడానికి ఏమీ మిగలని మనిషి గొంతుతో చెప్పింది. నేను ఆ మాటలను తెలుగులో చెప్పలేక ఆగిపోతే, మా అమ్మ ‘చెప్పక్కర్లేదు, తెలిసింది’ అంది.

పడిన చోట సు సు చనిపోదు. బంధనం తెగి, బై చియెన్ మేలుకొంటుంది. మానవ స్త్రీగా తాను పడినదంతా దేవతగా తన ప్రేమ గండం, దాన్ని దాటడంతో ఆమెకు పై మెట్టు దక్కింది. ఈ ధారావాహిక ఆకర్షణకు మూలం నా దృష్టిలో ఇదే. పిడుగు గండాన్ని గురువు తన మీద వేసుకోగలిగాడు. ప్రేమ గండాన్ని ఆమె తరఫున ఎవరూ వేసుకోలేకపోయారు, ఎదురుగా ఉన్న ప్రేమించినవాడు కూడా. ఎన్ని వేల ఏళ్ళు బతికినా, ఎన్ని విద్యలు నేర్చినా, ఒక మనసు మరొక మనసు వల్ల పడే బాధ దగ్గరికి వచ్చేసరికి దేవత కూడా ఒంటరిగా, నిరాయుధంగా నిలబడవలసిందే అని ఈ కథ పట్టుబట్టి చెబుతుంది. అందుకే మేఘాల మీద భవనాలు, గాలిలో ఎగిరే కత్తులు ఎన్ని ఉన్నా, పక్కింటి అమ్మాయి కథ విన్నట్టు గుండె బిగుసుకుంటుంది.

మేలుకొన్న బై చియెన్ చేసే మొదటి పని మరపును కోరడం. జె యెన్ అనే వైద్యుడు, పీచు తోట యజమాని, ఆమెకు చిన్ననాటి నుంచి ఆప్తుడు. అతడిచ్చిన మందు తాగి ఆమె సు సు జీవితాన్ని పూర్తిగా మరిచిపోతుంది. చైనా జానపదంలో మరణించినవారు మరుజన్మకు వెళ్ళే ముందు ఒక వంతెన దగ్గర మెంగ్ పో అనే ముసలమ్మ ఇచ్చే కషాయం తాగి గత జన్మను మరిచిపోతారని నమ్మకం. ఆ కషాయాన్ని చచ్చినవారు తప్పక తాగుతారు. ఈమె బతికి ఉండగా కోరి తాగింది. మన శకుంతల కథలో మరపు దుర్వాసుని శాపం, మరిచినవాడు మగవాడు, గుర్తు చేయడానికి ఉంగరం కావాలి. ఇక్కడ మరిచినది ఆడది, మరపు శాపం కాదు, ఆమె తీసుకున్న నిర్ణయం. గుర్తుంచుకునే బరువు మగవాడి మీద పడింది. 300 ఏళ్ళు అతడు ఒక దీపం వెలిగించి ఆమె ఆత్మ శకలాలను పోగు చేయాలని చూస్తూ ఉంటాడు. ప్రేమకథల్లో ఎదురుచూసే పని ఎప్పుడూ ఆడవారిదే కావడం చూసి చూసి ఉన్న మనకు ఈ మార్పు ఎంత తృప్తినిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

తూర్పు సముద్రపు రాజభవనంలో జరిగిన విందులో వారు మళ్ళీ కలుసుకుంటారు. ఎక్కువ వెలుతురు సహించని తన కొత్త కళ్ళకు ఆమె తెల్ల పట్టు గుడ్డ కట్టుకుని ఉంటుంది. ముందు గుర్తు పట్టింది పిల్లవాడు ఆ లీ. అమ్మా అని వచ్చి కాళ్ళకు చుట్టుకుంటాడు. ఆమెకు ఏమీ గుర్తు లేదు. తండ్రికి అన్నీ గుర్తున్నాయి, కాని చెప్పలేడు, చెబితే ఏ జ్ఞాపకాన్ని మేల్కొలుపుతాడో అతనికి తెలుసు.

ఇక్కడి నుంచి కథ నెమ్మదిస్తుంది. చాలామంది ఈ నడక సాగతీత అంటారు. నాకు మాత్రం ధారావాహికలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. స్వర్గ యువరాజు చింగ్‌చియు నక్కల గుహలో మకాం పెడతాడు. తెల్లవారుజామున పొయ్యి రాజేసి, కూరలు వండి, ఆమె నిద్ర లేచేసరికి బల్ల మీద వడ్డించి ఉంచుతాడు. స్వర్గం నుంచి అనుచరుడు కట్టలు కట్టలుగా విన్నపాల పత్రాలు మోసుకొస్తాడు. చైనావారి ఊహలో స్వర్గం కూడా ఒక పెద్ద ప్రభుత్వ కచేరీ కదా, అక్కడా దస్త్రాలు, సంతకాలు తప్పవు. రాత్రంతా దీపం వెలుగులో అతడు ఆ పత్రాలు చదువుతాడు, పొద్దున్నే గరిటె పట్టుకుంటాడు. వంట నేర్చింది ఆ కొండ మీద, ఆమెతో కాపురం చేసిన రోజుల్లోనే. తింటున్న ఆమెకు ఆ సంగతి గుర్తు లేదు. గొప్ప డైలాగు ఒక్కటీ లేకుండా, ఒక గిన్నె, రెండు చాప్‌స్టిక్‌లు, ఆవిరి పొగతో ప్రేమను చూపించిన ఘట్టం ఇది.

ఈ లోకం గాలిలోంచి పుట్టినది కాదన్న సంగతి కూడా మనం గమనించాలి. ‘శాన్ హై జింగ్’ అనే కొండల, సముద్రాల గ్రంథం రెండు వేల ఏళ్ళకు పూర్వమే రూపుదిద్దుకుంది. చింగ్‌చియు కొండ ప్రస్తావన, అక్కడ తొమ్మిది తోకల నక్క ఉంటుందని, దాని గొంతు పసిపిల్లల ఏడుపులా ఉంటుందని, అది మనుషులను తింటుందని ఆ గ్రంథంలో ఉంది. ఆ భయంకర మృగాన్ని ఈ కథ సోమరిగా పగటి నిద్రలు పోయే, మద్యం ఇష్టపడే, చెప్పింది వినని, మాట ఇస్తే తప్పని ఒక స్త్రీగా మార్చుకుంది. బై చియెన్ ఇంట పని చూసే మీ గు అనే చెట్టు ఆత్మ ఉంది. అదే గ్రంథంలో మీ గు అనే చెట్టు ఉంది, దాన్ని ఒంటి మీద ధరించినవారు దారి తప్పరట. దారి తప్పనివ్వని చెట్టును దారి చూపే సేవకుడిగా పెట్టారు. తెలిసినవారు చిన్నగా తల ఊపుతారు, తెలియనివారికి కథ ఎక్కడా ఆగదు. ఇక పీచు పూల మాటకొస్తే, చైనా తొలి కవితా సంకలనంలో అత్తవారింటికి వెళ్ళే పెండ్లికూతురును విరబూసిన పీచు చెట్టుతో పోల్చిన గీతం ఉంది. పీచు కొయ్యకు దుష్టశక్తులను తరిమే గుణం ఉందని నమ్మకం, పీచు పండు చిరాయువుకు గుర్తు. పెళ్ళి, రక్ష, ఆయుష్షు మూడూ ఒకే చెట్టులో ఉన్నప్పుడు ఆ చెట్టు ప్రతి ముఖ్య ఘట్టంలోనూ నిలబడి ఉండటంలో ఆశ్చర్యం లేదు.

నటన గురించి రెండు మాటలు. యాంగ్ మీ ఒకే దేహంతో ముగ్గురిని చూపించింది. సి యిన్ నడకలో అల్లరి ఉంటుంది, సు సు నడకలో బెరుకు, బై చియెన్ నడకలో రాణివాసపు నిదానం. మార్క్ చావ్ గురువు మో యువాన్‌గా, యువరాజు యె హువాగా రెండు పాత్రలు వేశాడు. వారిద్దరూ కవలలన్నది తరువాత తెలిసే సంగతి. ఒకే ముఖం, కాని గురువు చూపు నిశ్చలమైన చెరువు, యువరాజు చూపు మూత పెట్టిన ఎసరు. లోపాలు లేవని అనను. కంప్యూటర్‌తో గీసిన మృగాలు బొమ్మల్లా ఉంటాయి, మనం చూసిన దృశ్యాలనే జ్ఞాపకం పేరుతో మళ్ళీ మళ్ళీ చూపిస్తారు.

అసలు అభ్యంతరం వేరు. మా అమ్మ కథ సగంలో ఉండగా అడిగింది: ‘చేతులారా కళ్ళు పీకి ఇచ్చినవాడితో మళ్ళీ ఎలా కాపురం చేస్తుందే?’ ప్రాణం కాపాడటానికి వేరే దారి లేకనే చేశాడని నేను కథ తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఈరోజు ఆలోచిస్తే ఆమె ఒప్పుకోకపోవడమే న్యాయమనిపిస్తుంది. ధారావాహిక కూడా ఆ ప్రశ్నను తేలిగ్గా వదల్లేదు. గురువు మేలుకోవడానికి కావలసిన దివ్యమూలికను తేవడానికి వెళ్ళి, కాపలా ఉన్న నాలుగు క్రూరమృగాలతో పోరాడి యె హువా కుడి చెయ్యి పోగొట్టుకుంటాడు, ఆ సంగతి ఆమెకు చెప్పడు. జ్ఞాపకం తిరిగి వచ్చిన నాడు బై చియెన్ ఎవరి న్యాయం కోసమూ ఎదురుచూడదు. నేరుగా సు జిన్ దగ్గరికి వెళ్ళి, నా కళ్ళు నాకు ఇవ్వమని అడిగి, తన చేతులతో తానే తీసుకుంటుంది. అతడిని మాత్రం చూడటానికి నిరాకరిస్తుంది. అతడు వచ్చి నిలబడితే తలుపు తీయదు. క్షమించడానికి ఆమె సమయం తీసుకుంటుంది, ఆ సమయం పూర్తి కాకముందే ఘంట మళ్ళీ కదులుతుంది, అతడు యుద్ధానికి వెళతాడు.

మనం రుణానుబంధం అంటాం. ఆలుమగలు, బిడ్డలు, చివరికి గొడ్డూ గోదా కూడా రుణం ఉన్నంతకాలమే మన దగ్గర ఉంటారని పెద్దల మాట. అద్దంతో మాట్లాడిన నాడు సు సు బాకీ లేదని కొట్టిపారేసిన లెక్క, కన్నుగా, చెయ్యిగా, నెత్తురుగా మళ్ళీ మళ్ళీ తెరుచుకుంటూనే ఉంటుంది. కథలో ఎవరూ ఆ లెక్క తీర్చలేరు. రువో నది గట్టున యె హువా చింగ్ త్సాంగ్‌ను చంపి, ఆమె ఒడిలో ప్రాణం విడిచినప్పుడు ఆమె ఏడుపులో ప్రేమ ఎంత, క్షమించానని సమయానికి చెప్పలేకపోయిన బాధ ఎంత అన్నది నేను విడదీసి చెప్పలేను. 

మూడేళ్ళు గడుస్తాయి. ఆమె తాగుతుంది, నిద్రపోతుంది, కలలో అతడు వస్తాడేమోనని మళ్ళీ నిద్రపోతుంది. మా అమ్మ ఒత్తులు పక్కన పెట్టి చూసిన భాగం అదొక్కటే. చివరికి పూసిన పీచు చెట్టు కింద నల్ల వస్త్రాల్లో ఒక మనిషి నిలబడి ఉంటాడు, వెనక్కి తిరిగి, ఆమెను చిన్న పేరుతో పిలిచి, దగ్గరికి రమ్మంటాడు. రెండే మాటలు. ఆమె వెంటనే పరుగెత్తదు, కాసేపు అలాగే నిలబడి చూస్తుంది. నేను ఆ రెండు మాటలూ తెలుగులో చెప్పబోయాను. మా అమ్మ చెయ్యి ఎత్తి వద్దంది, తెర వైపు చూస్తూ, ‘చెయ్యి సరిగ్గానే ఉందా, చూడు’ అని అడిగింది.

నమస్కారం.